బోరుకొచ్చిన ఇంజను

మా అనంతపురం జిల్లాలో "బోరు" అనే మాటకి మూడు అర్థాలున్నాయి. ఒకటి అందరికీ తెలిసిందే, ఆఫీసు మీటింగుల్లో మనకి కొట్టేది. రెండోది పొలంలో వేయించేది. నీళ్ళు పడితే అదృష్టం, పడకపోతే అప్పు. మూడోది మెకానిక్కు షెడ్డులో వినపడేది: "ఇంజను బోరుకొచ్చింది". అంటే సిలిండర్లు లోపల అరిగిపోయి, పిస్టన్లు వదులై, ఆయిలు తాగుతూ పొగ కొడుతోందని. ఈ టపా ఆ మూడో బోరు గురించి. మధ్యలో రెండోది కూడా వస్తుంది. మొదటిది రాకుండా చూసుకుంటాను :)

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళేసరికి మా చిన్నాయన జీపు షెడ్డులో పడి ఉంది. ఆయనకి కళ్యాణదుర్గంలో మోటార్లు రీవైండింగ్ చేసే అంగడి ఉంది. కాలిపోయిన బోరు మోటార్లని పల్లెల్లోంచి తెచ్చుకోవడానికీ, చుట్టినాక తీసుకెళ్ళి మళ్ళీ దించడానికీ ఆ 1996 నాటి డీజిల్ జీపే ఆధారం. జీపు లేకపోతే అంగడి లేనట్టే. మేస్త్రీ ఇంజను విప్పి చూసి లెక్క చెప్పాడు.

"రెండు దార్లుండాయి సామీ. ఇంజను దించి ఫుల్లు పని చేస్తే డెబ్బై అయిదు వేలు, మూడు వారాలు పడ్తాది. కాదంటే బెంగళూరు గుజిరీలో సెకండ్స్ ఇంజను యాభై వేలకి దొరుకుతాది, రెండు దినాల్లో ఎక్కిచ్చేస్తా. గ్యారంటీ మాత్రం అడగొద్దు."

నాలోని సాఫ్ట్‌వేరోడు నిద్ర లేచాడు. వెంటనే లాప్‌టాప్ తీసి ఒక ఎక్సెల్ షీటు. మూడు వారాలు అంగడి మూతపడితే నష్టమెంత, సెకండ్స్ ఇంజను ఏడాదిలోపే పోయే అవకాశమెంత, కిలోమీటరుకి ఎంత పడుతుంది... చిన్నాయన అంతా ఓపిగ్గా విన్నాడు. విని, "ఇదంతా సరే గానీ అప్పా, మీ నాయన ఇంజను సంగతి దీంట్లో యాడుంది?" అన్నాడు.

ఆ సంగతి నాకు తెలుసు. కానీ షీటులో ఏ కాలమ్‌లో పెట్టాలో తెలీలేదు.

మా తాత 1972లో ఒక 5 హార్స్‌పవర్ ఆయిలింజను కొన్నాడు. అంతకుముందు మా బావి మీద కపిల తోలేవాళ్ళు. జత ఎద్దులు, తోలు బాన, మోకు, పొద్దుగూకే దాకా ఎనక్కీ ముందుకీ నడక. ఇంజను వచ్చాక ఆ ఎద్దులకి విశ్రాంతి, మా నాయనకి పని. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయడం ఒక విద్య. పైన డీకంప్రెషన్ లివర్ ఎత్తి పెట్టి, ఊపందుకునే దాకా తిప్పి, ఒక్కసారిగా లివర్ దించాలి. లెక్క తప్పితే హ్యాండిల్ ఎనక్కి తన్నుతుంది. మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి మణికట్టు అట్లానే వంకర.

ఆ రోజుల్లో దేశమంతా ఇదే కథ. కిర్లోస్కర్ వాళ్ళు 1946లో పూనాలో ఆయిలింజన్ల కంపెనీ పెట్టారు. తర్వాత గుజరాత్‌లోని రాజకోట చుట్టూ చిన్న చిన్న ఫౌండ్రీలు, వర్కుషాపులు పుట్టుకొచ్చి, ఇంగ్లాండు లిస్టర్ ఇంజను నమూనాలో నిదానంగా తిరిగే బరువైన ఇంజన్లు పోతపోయడం మొదలుపెట్టాయి. వీటి గొప్పతనం వేగం కాదు, పదే పదే రిపేరు చేసుకోగలగడం. లైనరు అరిగితే మార్చు, రింగులు పోతే మార్చు, బేరింగు పోతే మార్చు. పల్లెలో ఉన్న మనిషి, రెండు స్పానర్లు, తాలూకా కేంద్రంలో ఒక లేత్ మిషను ఉంటే చాలు. ఆ లేత్ షాపుల చుట్టూనే మా జిల్లా మెకానిక్కులంతా తయారయ్యారు. ఐటీఐ చదివినోళ్ళు తక్కువే. ఎక్కువ మంది పదేళ్ళ వయసులో టీ తేవడానికి చేరి, ఇరవై ఏళ్ళకి మేస్త్రీలైనవాళ్ళు.

1985లో మా ఇంజను బోరుకొచ్చింది. కరువు సంవత్సరాలవి. నాయన ముందు రెండు దార్లు. పక్క ఊళ్ళో ఒకాయన బావి ఎండిపోయి తన ఇంజను అమ్మేస్తానంటున్నాడు, చవగ్గా. లేదా మనదే అనంతపురం తీసుకెళ్ళి ఫుల్లు పని చేయించాలి. నాయన చాలా ఆలోచించి రెండోదే చేశాడు. కొత్త లైనరు, కొత్త పిస్టను, క్రాంకు గ్రైండింగ్, వాల్వులు, నాజిలు. మొత్తం 2,200 రూపాయలయ్యిందని చిన్నాయన ఇప్పటికీ చెప్తాడు. అందులో సగం అప్పు. పని మాత్రం అద్భుతంగా వచ్చింది. సగం తిప్పుకే పట్టుకునేదట.

రెండేళ్ళకి బావి ఎండిపోయింది.

ఇక్కడ కొంచెం ఫిజిక్సు చెప్పాలి. ఒడ్డున పెట్టిన పంపు నీళ్ళని "లాగదు". పైపులో గాలి తీసేస్తే, బయటి వాతావరణ పీడనం నీళ్ళని పైకి తోస్తుంది. ఎంత గొప్ప పంపయినా లెక్క ప్రకారం సుమారు 33 అడుగులు మించి రావు, ఆచరణలో 20, 25 అడుగులు. ఇంజను ఎంత కొత్తదయినా ఈ లెక్క మారదు. అందుకే నీటిమట్టం తగ్గే కొద్దీ మా వైపు బావిలోపలే బండ తొలిచి గట్టు కట్టి ఇంజనుని దాని మీదికి దించేవాళ్ళు. మరుసటి కరువుకి ఇంకో గట్టు. బావిలో పొగ, చీకటి, ఆ పొగని పైకి పంపడానికి పొడుగాటి గొట్టం. మా ఇంజను ఆఖరికి 35 అడుగుల లోతులో కూర్చుంది. దానికి కింద నీళ్ళు లేవు.

ఇంజను చెడిపోలేదు. నీళ్ళు దిగిపోయాయి.

మా జిల్లా గురించి తెలియని వాళ్ళకి ఒక్క మాట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే ఖాళీ అయిపోయి మా దగ్గరికి వట్టి గాలిగా వస్తాయి. ఈశాన్యం వచ్చేసరికి మేము సముద్రానికి మరీ దూరం. కింద ఉన్నదంతా గట్టి రాయి. నీళ్ళు ఉంటే పగుళ్ళలో ఉంటాయి, లేకపోతే లేవు. అలాంటి రాతిలో లోతుగా బోరు వేయడం 1960ల దాకా రైతుకి అందే పని కాదు. 1967 బీహారు కరువప్పుడు యూనిసెఫ్ విదేశాల నుంచి గాలి సుత్తితో రాతిని పగలగొట్టే రిగ్గులని తెప్పించింది. తాగునీళ్ళ కోసం తెచ్చిన ఆ పద్ధతి తర్వాత సేద్యానికి పాకింది. తమిళనాడులోని తిరుచెంగోడు రిగ్గు లారీలకి రాజధాని అయ్యింది. మా ఊళ్ళో 1988లో మొదటి బోరు వేసినవాళ్ళు కూడా అక్కడివాళ్ళే. రాత్రంతా చప్పుడు, తెల్లారేసరికి ఊరంతా రాతిపొడి.

బోరులోపల ఆరున్నర అంగుళాల రంధ్రం. అందులోకి ఆయిలింజను దిగదు. దిగేది కరెంటు మోటారొక్కటే. ఇంకోవైపు 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వ్యవసాయ కరెంటుకి హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయల లెక్కన శ్లాబు రేటు పెట్టింది. ఇక గంటల లెక్క లేదు. 2004 మేలో వైఎస్ ప్రమాణస్వీకారం రోజునే ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టారు. లీటరు లీటరుకి డబ్బు పోసే ఇంజను, ఎంతసేపు ఆడినా ఒకటే బిల్లు వచ్చే మోటారుతో పోటీ పడటమేంటి? మా నాయన 1985లో తీసుకున్న నిర్ణయంలో ఇంజను గురించి వేసుకున్న ప్రతి లెక్కా కరెక్టే. తప్పిందల్లా ఇంజను చుట్టూ ఉన్నవాటి లెక్క. కరెంటు స్తంభాలు మా పొలం దాకా రావని ఆయన నమ్మకం. వచ్చాయి. నీళ్ళు ఉంటాయని నమ్మకం. పోయాయి.

ఇదే కథని ఇంకా పెద్ద సైజులో చూడాలంటే మా ఊరి నుంచి గుత్తికి వెళ్ళాలి. అక్కడ రైల్వే వాళ్ళ డీజిల్ లోకో షెడ్డు దశాబ్దాలుగా ఉంది. ఆ షెడ్డులో తిరిగిన పాత రైలింజన్లకి మూలం అమెరికాలోని ఆల్కో కంపెనీ. 1962లో మొదటి డబ్ల్యూడీఎం-2లు అక్కడి నుంచే వచ్చాయి. 1964 జనవరిలో బెనారస్ డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ నుంచి మన చేతులతో చేసింది బయటికొచ్చింది. 1969లో ఆల్కో కంపెనీయే మూతపడింది. మన భాషలో చెప్పాలంటే వెండార్ పోయాడు, ప్రాడక్టు ఎండ్ ఆఫ్ లైఫ్. రైల్వేవాళ్ళేం చేశారు? డ్రాయింగులు చేతిలో ఉన్నాయి కాబట్టి ఇంకో మూడు దశాబ్దాలు అవే చేస్తూ పోయారు. రైలింజను ఆయుష్షు 36 ఏళ్ళని లెక్కపెట్టుకుని, 18 ఏళ్ళకి ఒకసారి మొత్తం విప్పి పునర్నిర్మించడం అలవాటు చేసుకున్నారు. దానికోసమే 1981లో పాటియాలాలో ఒక కర్మాగారం పెట్టారు. 2,600 హార్స్‌పవర్‌తో లోపలికి వెళ్ళిన పాత ఇంజను కొత్త టర్బో, కొత్త భాగాలతో 3,100తో బయటికొచ్చేది. పాతదాన్ని బాగు చేసుకుని కొత్తదాని కంటే మెరుగు చేసుకోవడమంటే అది. నాకు దీన్ని తల్చుకుంటే ఏ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కంటే ఎక్కువ గర్వంగా ఉంటుంది.

తర్వాత? తర్వాత పైన తీగ వచ్చింది. అన్ని లైన్లనీ విద్యుదీకరించాలని రైల్వే నిర్ణయించుకున్నాక, డీజిల్ ఇంజనుకి మధ్యవయసు రిపేరు కోసం 5, 6 కోట్లు పెట్టడంలో అర్థం లేకుండా పోయింది. వారణాసిలో రెండు డబ్ల్యూడీజీ-3ఏ డీజిల్ ఇంజన్లని విప్పి, లోపలి డీజిల్ యంత్రం తీసేసి, రెంటినీ జత చేసి 10,000 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ ఇంజనుగా మార్చారు. 2019 ఫిబ్రవరిలో ప్రధాని జెండా ఊపారు. తీసేసిన ఆ డీజిల్ యంత్రాలు పనికిరానివి కావు. రిపేరు చేస్తే ఇంకో 18 ఏళ్ళు తిరిగేవే. మా నాయన బావిలోని ఇంజనుకీ వీటికీ ఏం తేడా? హార్స్‌పవర్‌లో తప్ప నాకేమీ కనపడలేదు.

కార్ల సంగతికొద్దాం. అంబాసిడర్ రోజుల్లో అసలు ఈ ప్రశ్నే లేదు. 1950ల చివర్లో వచ్చిన ఆ కారు 2014లో ఫ్యాక్టరీ ఆగే దాకా పైపైన మెరుగులు తప్ప అదే శరీరం. కారు బుక్ చేస్తే ఏళ్ళ తరబడి ఎదురుచూపులున్న కాలంలో, ఉన్నదాన్ని పారేసి కొత్తది కొనడమనే ఆలోచనే రాదు. ఇంజను బోరుకొస్తే బోరు చేయించడమే. బోరు చేయించడానికీ ఒక లెక్కుంది. సిలిండరు గుండ్రంగా అరగదు, కోడిగుడ్డులాగా అరుగుతుంది. దాన్ని మళ్ళీ గుండ్రంగా తొలవాలంటే కొంచెం పెద్దది చేయాలి, దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేయాలి. అంగుళంలో వెయ్యో వంతు లెక్కన 10 సైజు, 20, 30, 40. నలభై అయిపోయాక ఇక తొలవడానికి గోడ మందం ఉండదు. అప్పుడు స్లీవు దిగ్గొట్టి మళ్ళీ మొదటి సైజుకి రావచ్చు. అంటే ఒక ఇంజనుకి ఇన్ని జన్మలని ముందే రాసి ఉంటుంది, మేస్త్రీకి ఆ లెక్క నోటికొచ్చు.

సెకండ్స్ ఇంజన్లు కొనే అలవాటు బాగా పెరిగింది ఇంజన్లు చెడిపోయి కాదు, పెట్రోలుకీ డీజిలుకీ మధ్య ధర తేడా వల్ల. 80లు, 90ల్లో ఎంతమంది జీపుల్లోంచి, అంబాసిడర్లలోంచి నిక్షేపంలాంటి పెట్రోలు ఇంజన్లు పీకేసి పాత డీజిల్ ఇంజన్లు ఎక్కించుకున్నారో! బెంగళూరు శివాజీనగర్ గుజిరీ, మద్రాసు పుదుపేట, మన విజయవాడ ఆటోనగర్, వీటి వైభవానికి ఆ ధర తేడా కూడా ఒక కారణమే. 2014 అక్టోబరులో డీజిల్ ధరమీద కూడా నియంత్రణ ఎత్తేశారు. ఆ తేడా తగ్గుతూ వచ్చింది, ఆ పిచ్చీ తగ్గింది. ఇక్కడ కూడా ఇంజనుది తప్పేమీ లేదు చూడండి.

ప్రపంచంలో వేరే చోట్ల కూడా ఇంతే. క్యూబాలో 1950ల అమెరికన్ కార్లలో రష్యా ఇంజన్లు తిరగడానికి కారణం 1960ల్లో మొదలైన ఆంక్షలు, విడిభాగాలు రాకపోవడం. మన ఫీల్డులో నెట్‌స్కేప్ వాళ్ళు తమ బ్రౌజరు కోడు బోరుకొచ్చిందని మొత్తం తిరగరాయడానికి కూర్చుంటే, 4 తర్వాత 5 అనేదే రాకుండా 2000లో 6 వచ్చింది. ఈలోగా మైక్రోసాఫ్టు ఊరంతా ఆక్రమించింది. అదే ఏడాది జోయెల్ స్పోల్‌స్కీ దీనిమీద వ్యాసం రాసి, కోడుని మొదటినుంచీ తిరగరాయడం ఎప్పుడూ చేయకూడని పని అన్నాడు. నేను చాలా ఏళ్ళు దాన్ని వేదంలా నమ్మాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఆయన కూడా మా నాయనలాగా ఇంజనునే చూశాడేమో అని. సరే, ఇది వేరే గొడవ, ఇంకోసారి.

నా ఎక్సెల్ షీటుకి చిన్నాయన మూడు ప్రశ్నలు కలిపాడు. జీపు ఆర్సీ ఇంకెన్నేండ్లుంది? మోటార్లు చుట్టే పని ఇంకెన్నేండ్లుంటాది? ఈ జీపు తోలే ఒపిక నాకెన్నేండ్లుంటాది? మొదటిదానికి జవాబు సులభం. 15 ఏళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజుని 600 నుంచి 5,000 చేశారు, తర్వాత 20 ఏళ్ళు దాటినవాటికి ఇంకా పెంచారు. రెండోది కష్టం. కరెంటు ఉచితం కాబట్టి చుట్టిన మోటారు కొంచెం ఎక్కువ కరెంటు తాగినా రైతుకి పోయేదేమీ లేదు. అందుకే మా దగ్గర కొత్త మోటారు కంటే రీవైండింగే ఎప్పుడూ గెలుస్తుంది. ఆ ఉచితం ఉన్నన్నాళ్ళూ చిన్నాయన అంగడి ఉంటుంది. మూడోదానికి ఆయన జవాబు చెప్పలేదు.

"గుజిరీ కూడా చూసొద్దాం పా" అంటే ఇద్దరం బెంగళూరు వెళ్ళాం. ఒక షాపులో మా జీపు ఇంజనే ఉంది, కడిగి, రంగేసి, మెరుస్తోంది. చిన్నాయన రంగుని చూడలేదు. ఆయిలు మూత తిప్పి లోపల వేలు పెట్టి వాసన చూశాడు. క్రాంకు పుల్లీ పట్టుకుని ఇటూ అటూ ఊపాడు. తర్వాత ఫోను టార్చి వేసి బ్లాకు మీద నంబరు కోసం వెతికాడు. నంబరుండాల్సిన చోట గ్రైండరు పెట్టి నున్నగా గీకేశారు.

"ఇదేంది?" అంటే, "పాతది కదా సార్, తుప్పు పట్టింటే తీసేసినాం" అన్నాడు షాపతను.

ఇంజను మారిస్తే ఆ నంబరు ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ మీద ఎక్కించుకోవాలి. నంబరు లేని ఇంజను ఎవరిదో, ఎక్కడిదో. మా ఉమ్మడి జిల్లాలోనే, పెనుకొండ దగ్గరి కియా ప్లాంటు నుంచి కొన్నేళ్ళపాటు వందల కొద్దీ కొత్త ఇంజన్లు మాయమయ్యాయని 2025లో పోలీసు కేసు నడిచింది. 900 అని ఒక లెక్క, వెయ్యికి పైనే అని ఇంకో లెక్క వార్తల్లో వచ్చాయి. కార్లు తయారయ్యే చోటు నుంచే పోతుంటే, గుజిరీలో రంగేసిన ఇంజను చరిత్ర ఎవరు చెప్తారు? చిన్నాయన చేతులు తుడుచుకుని "పోదాం పా" అన్నాడు.

తిరిగొచ్చాక మేస్త్రీతో బేరం ఇలా కుదిరింది. డెబ్బై అయిదు వేల ఫుల్లు పని వద్దు. రెండు సిలిండర్లే బాగా గీసుకుపోయాయి, వాటికి స్లీవులు వెయ్యాలి. నాలుగు పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి. క్రాంకు కొలిచి చూసి, అవసరమైతేనే గ్రైండింగ్. పంపు జోలికి పోవద్దు. నలభై ఎనిమిది వేలు. "అయిదేండ్లు తిరిగితే సాలు, పదేండ్లొద్దు" అన్నాడు చిన్నాయన. మేస్త్రీకి ఇది నచ్చలేదు. సగం పని చేస్తే పేరు పోతుందని ఆయన బాధ. నాకూ నచ్చలేదు, చేసేది సరిగ్గా చేయాలి కదా అని. కానీ అయిదేళ్ళకి పనికొచ్చే ఇంజను కావాల్సిన మనిషికి పదిహేనేళ్ళ ఇంజను అమ్మడం కూడా ఒకరకం మోసమే. మన కన్సల్టింగ్ కంపెనీలు చేసేది చాలావరకు అదే.

పిస్టన్లు బయటికి తీసినప్పుడు మసి గీకితే వాటి నెత్తిమీద 0.50 అని గుద్ది ఉంది. అంటే ఇదివరకే ఒకసారి బోరు అయ్యింది. చిన్నాయన ఈ జీపుని కొన్నది 2003లో, సెకండ్ హ్యాండే. ఆయనకీ తెలీదు. ఎవరో, ఎక్కడో, మా ముందు ఒకసారి ఇదే ప్రశ్న వేసుకుని ఇదే జవాబు చెప్పుకున్నారన్నమాట. కామెంట్లు లేని కోడులో పాత ప్రోగ్రామరు వదిలిన ఒక్క గుర్తు దొరికినట్టు అనిపించింది.

జీపు రోడ్డెక్కిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి, ఇద్దరం దొడ్లో ఉన్న నాయన ఇంజను దగ్గరికెళ్ళాం. బోరు వేశాక దాన్ని బావిలోంచి పైకి తీసి, కొట్టంలో పెట్టి, గోనెపట్ట కప్పారు. గుజిరీవాళ్ళు చాలాసార్లు అడిగారు, నాయన ఇవ్వలేదు. ఆయన పోయాక చిన్నాయనా ఇవ్వలేదు. ఏడాదికోసారి నాలుగు చుక్కల ఆయిలు పోస్తాడు. ఆ రోజు కూడా పోసి, హ్యాండిల్ తగిలించి, లివర్ ఎత్తి నన్ను తిప్పమన్నాడు. ఫ్లైవీలు బరువుగా కదిలింది. రెండు, మూడు, నాలుగు చుట్లు. "చెయ్యి జాగ్రత్త" అని చెప్పి లివర్ దించాడు.

హ్యాండిల్ అక్కడికక్కడే బిగుసుకుంది. కంప్రెషన్ ఇంకా అట్లానే ఉంది.